పదునుకిచ్చిన చిత్రిక

మా మంచం కింద ముప్పై నాలుగు చిత్రికలున్నాయి.

చెక్కని నున్నగా గీసే పాత పనిముట్లు. ఇక్కడి బెంగాలీ దాదాలు రందా అంటారు.

వాటిలో ఒక్కదానితోనూ నేను పని చెయ్యను.

ఇనప కంటైనర్లు వచ్చాక చెక్కపెట్టెల అవసరం తగ్గి, ఓడల డాక్‌లో వడ్రంగి పని సగానికి సగం పోయింది. పని తగ్గేకొద్దీ నాకు ఈ పిచ్చి ముదిరింది. కొన్ని ఖిదిర్‌పూర్ పాత సామాన్ల బజారులో కొన్నాను. మిగతావన్నీ పోయినవాళ్ల ఇళ్ల నుంచి తెచ్చాను.

పాత చిత్రికకి బొటనవేలు ఆనే చోట చిన్న గుంట ఉంటుంది. పాతికేళ్లు ఒకే మనిషి పట్టుకుంటేగానీ అది పడదు. అందులో నా వేలు పెట్టి చూసుకుంటాను. అప్పుడు నాకు ఒళ్లు తెలీదు.

వడ్రంగి ఎవరైనా పోతే పదకొండో రోజుకి వాళ్ల గుమ్మంలో ఉంటాను. సిగ్గుగానే ఉంటుంది. కాళ్లు ఆగవు.

"మొగుడు పోనాడని ఏడుత్తన్న ఆడదాన్ని చెక్కముక్క అడగడానికి నీకు నోరెలాగొస్తాది?" అంటుంది మా ఆవిడ దాలమ్మ.

నా పేరు గురువులు. మేముండే వాట్‌గంజ్‌లో నా వెనక నన్ను గద్ద అంటారు.

చిత్రికని తీసుకెళ్లడానికి మా వాళ్లలో ఒక పద్ధతుంది. బతికున్నవాడిదైతే ఉన్నది ఉన్నట్టు పట్టుకెళ్తాం. పోయినవాడిదైతే బ్లేడు ఊడదీసి తువ్వాలులో చుట్టాలి. చెక్కని బోర్లించి చంకలో పెట్టుకోవాలి. నీ మనిషి పని అయిపోయిందని దానికి చెప్పడమన్నమాట.

ఎన్ని గుమ్మాల్లో చేశానో ఆ పని. చేతులకి అలవాటైపోయింది.

సోములూ నేనూ ఇరవై ఆరేళ్లు ఒకే బల్ల మీద పని చేశాం. బావా అంటే బావా అనుకునేవాళ్లం. వాడి చిత్రిక, వాళ్ల నాన్న విరిగిన ఓడ చెక్కతో చేసింది. నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది.

దానికోసం వాడి ప్రాణం తీసేవాణ్ణి. "నా ఊపిరుండగా ఇవ్వను పో" అని నవ్వేవాడు.

వానాకాలం మొదట్లో వాడు మంచం పట్టాడు.

నేను చూడ్డానికి వెళ్లలేదు. వెళ్తే ఎందుకొచ్చాననుకుంటారో నాకు తెలుసు. రెండు నెలలు అలా వాడి వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను.

ఆ ఆదివారం ఇక ఉండబట్టలేదు. నాలుగు బత్తాయిలు కొనుక్కుని వెళ్లాను.

వాడి భార్య అప్పాయమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నువ్వెందుకొచ్చినావన్నయ్యా?"

"బావని సూసెల్దామనమ్మా."

ఆమె నన్ను వీధి కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది. గొంతు తగ్గించింది.

"ఊపిరితిత్తులు రెండూ పోనాయంట. నెల్లాళ్లు కష్టమన్నాడు డాక్టరు. ఆయనకి సెప్పనేదు. విశ్వకర్మ పూజ అవ్వగానే పనికెల్తానంటన్నాడు. ఆ ఆశ మీదే రెండు మెతుకులు తింటన్నాడు."

"నేనేటీ అనను తల్లీ."

"సిత్రిక మాటెత్తితే సాలు, ఆయనకి తెలిసిపోద్ది. ఎత్తనని ఒట్టెయ్యి."

వేశాను.

లోపల కరెంటు లేదు. సోములు దిండుకి ఆనుకుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. చొక్కా లోపల మనిషి సగమే ఉన్నాడు. నన్ను చూసి మొహం ఇంత చేసుకున్నాడు.

"ఏటి బావా, దారి మర్సిపోనావా? గద్దన్నారని అలిగినావేటి?"

నవ్వాను. బత్తాయిలు దిండు పక్కన పెట్టాను.

యూనియన్ ఆఫీసు సంగతులు అడిగాడు. ఎవరు ఉద్యోగం వదిలేశారో, ఎవరు ఊరెళ్లిపోయారో చెప్పాను. మధ్యలో దగ్గొచ్చినప్పుడు నేను కిటికీ వైపు చూశాను. వాడు నాకోసం దగ్గు ఆపుకుంటున్నాడు.

కాసేపాగి మంచం పక్కన చెయ్యి పెట్టి వెతికాడు.

"ఇదిగో, దీన్ని పదునెట్టి తెచ్చియ్యి బావా. మూల పడుండి తుప్పెక్కతంది. పూజ మర్నాడు మొదటి గీత నేనే గియ్యాల."

చిత్రికని నా ఒళ్లో పెట్టాడు.

నా వేలు గుంటలోకి దిగింది. వాడి వేలు లావు. గుంట నాకు వదులుగా ఉంది. లోపల నున్నగా, చల్లగా ఉంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ కాసేపు నాకు సోములు గుర్తు లేడు.

చిత్రికని మంచం పట్టెకి రెండుసార్లు తట్టాను. బ్లేడు వదులై చేతిలోకి వచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి అందులో చుట్టాను. చెక్కని బోర్లించి చంకలో పెట్టుకుని లేచాను.

టీ గ్లాసుతో వస్తున్న అప్పాయమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆమె కళ్లు ఎక్కడున్నాయో అప్పుడు చూశాను. నా చంక దగ్గర.

ఒట్టు తప్పలేదు నేను. ఆ మాటే ఎత్తలేదు.

గబుక్కున కింద కూలబడి బ్లేడు మళ్లీ బిగించబోయాను. అది గాడిలో కూర్చోలేదు.

"పదునుకే బావా," అన్నాను. "పదునుకే కదా."

సోములు నా చేతులకేసి చూస్తున్నాడు. వాడి మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఉండనీ బావా," అన్నాడు. "మల్లీ బిగించడమెందుకు?"

విసనకర్ర పక్కన పెట్టి పెళ్లాం వైపు తిరిగాడు.

"బడ్జ్ బడ్జ్‌లో ఉన్న మనమ్మాయికి ఫోన్ సెయ్యించు. పిల్లల్ని తీసుకుని రేపే వొచ్చీమను."

అప్పాయమ్మ టీ గ్లాసు నా పక్కన పెట్టి చెప్పులేసుకుంది.