మీసం తీసిన విద్యార్థి

"మీసం తీసేసినా నువ్వు విద్యార్థిలా లేవురా. పోనీ, అక్కా అని మాత్రం పిలవకు," అంది మేడమ్ తమ్ముడి కాలర్ సర్దుతూ.

"ఏళ్ళ తరబడి ప్రింటింగ్ షాపు నడుపుతున్నవాణ్ణి పట్టుకుని నిన్నగాక మొన్న పెట్టానని చెప్పమంటావు. సరే, నీ కోసం," అన్నాడు వాడు.

యూనివర్సిటీలో పిల్లలకి వ్యాపారం నేర్పే కోర్సు ఆవిడే మొదలుపెట్టింది. ఒక ట్రస్టు ఇచ్చిన చిన్న గ్రాంటే దానికి విత్తనం. రెండో విడత రాకపోతే కోర్సు మూతే. అది తేల్చడానికే ట్రస్టు పెద్దాయన ఇవాళ వస్తున్నాడు. తీరా చూస్తే, పిల్లలు పెట్టిన వ్యాపారాలన్నీ నీళ్ళపాలయ్యాయి. సబ్బులు చేసిన పిల్ల సంగతి మరీ ఘోరం, నురగే రాలేదు.

నిన్న ఆ పిల్లని పిలిచి, "రేపు మీరెవరూ ఇటు రాకండమ్మా," అంది.

"నురగ ఎందుకు రాలేదో కనిపెట్టాను మేడమ్. ఆయనకి చూపిద్దామని..."

"వద్దన్నానా."

పిల్ల తల దించుకుని వెళ్ళిపోయింది. మేడమ్‌కి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ముందు కోర్సు బతకాలిగా అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

పెద్దాయన వచ్చి, తమ్ముడు అచ్చువేసిన కరపత్రాలు తిరగేశాడు.

"బాగుంది బాబూ. మొదట్లో దెబ్బ ఎక్కడ తిన్నావు?"

"దెబ్బా? అబ్బే, మొదటి రోజు నుంచీ లాభాలే సార్. అంతా మా అక్... మేడమ్ చలవ."

మేడమ్‌కి తల కొట్టేసినట్టయింది. పెద్దాయన అది పట్టించుకోకుండా ఆవిడ వైపు తిరిగాడు.

"మూతపడ్డది ఒక్కటైనా ఉండే ఉంటుందే?"

నిజం గొంతు దాకా వచ్చింది. మింగేసింది. "ఒక్కటీ లేదు సార్."

"బాగా ఆలోచించి చెప్పండి."

"ఆలోచించడానికేముంది సార్, అన్నీ నిలబడ్డాయి." పాఠాలు చెప్పే నోటితో ఎంత అబద్ధం ఆడాను అనుకుంది. ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని లేచాడు. "సంతోషం. వెళ్ళొస్తాను."

"మరి రెండో విడత సార్?" అంటూ ఆవిడ వెనకే నడిచింది.

ఆయన గుమ్మంలో ఆగి నిట్టూర్చాడు. "ఈ సంగతి మేం ముందుగా ఎవరికీ చెప్పం. చెబితే అందరూ అదే పాట పాడతారు.

"మా రెండో విడత మునిగినవాళ్ళకే, మేడమ్."