పైపు పవరు

"గట్టిగా పట్టుకో కృపా!"

యేసుప్రసాద్ గొంతు చించుకొని అరిచాడు. ఆ అరుపు అతనికే వినపడలేదు. జీపు రొద కొండకు తగిలి మళ్లీ చెవుల్లోకే వచ్చి పడుతోంది.

పక్క సీట్లో భార్య కృపమణి పొట్ట పట్టుకొని పళ్లు బిగబట్టింది. కాన్పుకింకా దినాలున్నాయనుకుంటే పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. వాళ్ల పల్లె లంకమల కొండ అడుగున ఉంది. వానకు మట్టిబాట బురదై, అంబులెన్సు దిగలేక పైన తారురోడ్డు మీదే ఆగిపోయింది. అక్కడి దాకా ఎక్కించాల్సింది ఈ పాత జీపే. వెనక టార్పాలిన్ కింద అత్త జీవమ్మ, మామ సుందరం, తోడుగా వచ్చిన పక్కింటి బొజ్జన్న కూర్చున్నారు.

జీపుకు ఉన్న సైలెన్సరు పీకేసి, లావుపాటి గొట్టం ఈ మధ్యనే బిగించాడు యేసుప్రసాద్. ఫోనులో వీడియోలు చూసి నేర్చిన విద్య. పొగ తొందరగా బయటికి పోతే ఇంజను పవరు పెరుగుతుందని ఊరంతా చెప్పుకున్నాడు. సుందరం మాత్రం నవ్వాడు.

"ఏమప్పా అల్లుడా, అరిచేటోనికంతా బలముంటాదా?"

"నీకు తెల్దులే మామా. కొండెక్కేటప్పుడు చూద్దువుగానీ."

అన్నాడే గానీ, ఆ తర్వాత నుంచి అతని మనసులో ఒక పురుగు తొలుస్తూనే ఉంది. తారురోడ్డు మీద పరుగెత్తించినప్పుడు జీపు హుషారుగానే ఉంటోంది. మెల్లగా లాగాల్సిన చోట మాత్రం ఉసూరుమంటోంది. ఇదివరకు రెండో గేరులో ఎక్కిన మిట్టకు ఇప్పుడు మొదటి గేరు వేయాల్సి వస్తోంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంత ఆర్భాటం చేశాక ఏ మొహంతో చెబుతాడు?

గద్దరాతి మలుపు వచ్చింది. ఎడమ పక్క బండ, కుడి పక్క లోయ. బాటకు అడ్డంగా మెట్టులాంటి రాయి. ముందు చక్రం దానికి తగిలి ఆగింది. ఎంత తొక్కినా ఇంజను అరవడమే తప్ప బండి కదల్లేదు.

బ్రేకు మీద నిలబడ్డాడు. బురదలో జీపు కొద్దికొద్దిగా వెనక్కి జారుతోంది. కిటికీలోంచి చూస్తే కింద తుమ్మచెట్ల తలలు కనిపించాయి. ఇంజను ఆపుదామంటే, ఈ వాలులో మళ్లీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు.

"ఏం భయం లేదు! కదలకుండా కూచోండి!" అని వెనక్కి కేకేశాడు.

బదులు వచ్చిందో లేదో తెలియదు. వెనకున్న ప్లాస్టిక్ పరదా ఎప్పుడో పచ్చబారి మసకేసింది. పక్క అద్దం నిండా బురద.

కృపమణి కిటికీలోంచి తల బయటికి పెట్టి వెనక్కి చూసింది. మరుక్షణం ఇటు తిరిగింది. కళ్లు పెద్దవి చేసుకొని ఏదో అరుస్తోంది. పెదాలు కదలడమే కనిపిస్తోంది.

"వెనక్కి చూడొద్దు! కిందికి చూస్తే కండ్లు తిరుగుతాయి!" అన్నాడతను.

ఒక్కటే దారి తోచింది. బ్రేకు వదిలి చదునుగా ఉన్న చోటిదాకా వెనక్కి జారి, అక్కడినుంచి ఊపు మీద రావాలి. ఊపందుకుంటే ఈ గొట్టం పవరు ఇస్తుంది. ఇచ్చి తీరాలి.

కాలు ఎత్తబోయాడు. కృపమణి మీదికి ఒరిగి హ్యాండుబ్రేకును రెండు చేతులా పట్టి లాగింది.

"వదులు! రోంత వెనక్కి పోతేనే ఎక్కుతాది!"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఏడుస్తోంది, అరుస్తోంది. అతను ఆమె వేళ్లు విడదీయబోతే ముంజేతిని గోళ్లతో రక్కింది. నెమ్మదస్తురాలు, ఎన్నడూ అతని మీద చెయ్యెత్తినది కాదు. నొప్పులకు మతి చెదిరిందేమో అనుకున్నాడు.

ఇక ఆమెతో పెనుగులాడలేక వెనక్కి జారే ఆలోచన మానుకొని, ముందుకేనని చేత్తో సైగ చేశాడు.

"ప్రభువా, నన్నేమన్నా చెయ్యి. నా పెండ్లాన్నీ బిడ్డనూ కాపాడు."

హ్యాండుబ్రేకు దించి, కళ్లు మూసుకొని యాక్సిలరేటరు తొక్కాడు. గొట్టం గర్జించింది. చక్రాలు బురద చిమ్మాయి. జీపు వణికింది, ఆగింది, మళ్లీ వణికింది. ముందు చక్రం రాయి మీదికి పాకింది. ఆ వెంటే వెనక చక్రం. మలుపు తిరిగింది. అక్కడినుంచి నత్తలా, ఆగకుండా, పై దాకా వచ్చేసింది.

తారురోడ్డు అంచున ఇంజను ఆపాడు. ఒక్కసారిగా లోకమంతా నిశ్శబ్దమైపోయింది. చేతులు ఇంకా స్టీరింగును వదలడం లేదు.

అంబులెన్సులోని నర్సు, డ్రైవరు పరుగున వచ్చి కృపమణిని దించారు.

"టయానికి తెచ్చినావన్నా. తల్లికేం భయం లేదు, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటాండాది," అంది నర్సు.

అప్పుడు ఏడ్చాడు యేసుప్రసాద్. ఏడుస్తూనే నవ్వాడు.

స్ట్రెచరు మీద కృపమణి అతని చొక్కా పట్టుకుంది. "నేను అరుస్తానే ఉండా... నీకు వినపడ్లా... మా నాయనోళ్లు..." నొప్పి వచ్చి మాట మింగేసింది.

"మీ నాయన కూడా చూసినాడులే కృపా! ఇప్పుడనమను, పైపులో పవరు లేదని!"

అంబులెన్సులో కూతురి పక్కన కూర్చోబెడదామని అత్తను పిలుస్తూ జీపు వెనక్కి వెళ్లాడు.

అత్తా, మామా, బొజ్జన్నా మోకాళ్ల దాకా బురదతో, ముఖాల నిండా పొగమసితో, జీపుకు భుజాలు ఆనించి రొప్పుతున్నారు.