రెండో బ్రేకు

ఆవిడకు కారు నడపడం వచ్చు. ఆ సంగతి డ్రైవింగ్ మాస్టారికి మొదటి మలుపులోనే తెలిసిపోయింది.

నేర్చుకునేవాళ్లు గేరు మార్చాలంటే తల వంచి దాన్నే చూస్తారు. ఆవిడ చూడలేదు. చెయ్యి దానంతటదే వెళ్లింది. మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. వేరేవాళ్లు నడుపుతుంటే దాని మీంచి కాలు తియ్యడానికి ఉండదు. ఆవిడ నడుపుతుంటే ఆ కాలికి పనే లేదు.

ఇంటికొచ్చి భార్యతో అన్నాడు. "వచ్చిన పని నేర్చుకోడానికి డబ్బు కట్టి ఎవరైనా వస్తారా?"

"ఎందుకు రారూ, తనిఖీవాళ్లు వస్తారు. పక్క వీధి డ్రైవింగ్ స్కూలుకి ఇలాగే శిష్యుడిలా వచ్చాడొకడు. వారం తిరక్కుండా తాళం పడింది. మన పాత కారుకి పర్మిట్ లేదు, గుర్తుందా?"

మాస్టారికి ఆ పూట అన్నం సయించలేదు. ఆ స్కూలు తప్ప వాళ్లకు వేరే ఆధారం లేదు.

మర్నాటి నుంచి ఆయన నోట్లోంచి తేనె కారింది. "చాలా బాగా తిప్పారమ్మా. మెల్లగానే పోనివ్వండమ్మా."

"పెళ్లయ్యాక నన్నొక్కసారైనా అమ్మా అన్నారా?" అంది భార్య.

"నువ్వు స్కూలు మూయించవుగా."

ఒకరోజు ఆవిడ షెడ్డులోని పాత కారు వైపు చూసి, "ఆ కారు తియ్యరా?" అని మామూలుగానే అడిగింది. మాస్టారు భుజాలు తడుముకున్నాడు. టీ తాగొస్తానని కారు దిగబోతే, "ఎక్కడికండీ? తర్వాత తాగుదురుగాని," అంది కంగారుగా.

"కళ్ల ముందు నుంచి కదలనివ్వడం లేదే," అన్నాడు భార్యతో.

"మరి? నిఘా అంటే అంతే."

నెల పూర్తయింది. పీడ వదిలిందనుకున్నాడు. ఆవిడ మళ్లీ వచ్చింది.

"ఇంకొన్నాళ్లు వస్తానండీ. కొత్త ఉద్యోగంలో చేరాలి. ఊరికి ఆ చివర. కారులోనే వెళ్లిరావాలి."

"ఇంక నేర్పేదేం లేదమ్మా."

"పర్లేదు. మీరు ఊరికే కూర్చోండి."

అదుగో, అక్కడే మాస్టారి ఓపిక తెగింది. కొంత దూరం పోయాక బండి పక్కకు ఆపించాడు. తలుపు తీసి దిగిపోయాడు. తాళమే పడనీ, ఈ నాన్చుడు తన వల్ల కాదు.

"మీరెవరో చెప్పండి. ఎవరు పంపితే వచ్చారో చెప్పండి. అప్పటిదాకా నేను ఎక్కను."

ఇంజను ఆడుతూనే ఉంది. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఆవిడ బండి కదపలేదు. స్టీరింగ్ మీంచి చేతులు తీసేసి ఖాళీ సీటు వైపు చూసింది.

"మా ఆయన పోయినప్పట్నుంచీ పక్క సీట్లో మనిషి లేకపోతే నాకు చేతులాడటం లేదండీ, కాస్త ఎక్కి కూర్చోండి మాస్టారూ."