ఏసన్న చేసిన లాగౌట్

ఏసన్న చూస్తాండగానే కంప్యూటర్ తెర మీద బొమ్మలన్నీ మాయమై, పాస్‌వర్డ్ కొట్టమని ఖాళీ గడి ఒక్కటే మిగిలింది. మౌసు కింద దుమ్ము తుడవబోయి యాడనో నొక్కినాడు. లాగౌట్ అయిపోయింది.

చీనీ తోటలో బోరు మోటారును నడిపేది ఆ లైనక్స్ కంప్యూటరే. ఇంటల్లుడు సుధీర్ దాంట్లో ఏదో ప్రోగ్రాం పెట్టినాడు. పోయిన నెల ఎవరో లాగౌట్ చేస్తే మోటారు కూడా పడుకునింది. తన లాగిన్ తెరిచి ఉన్నంతసేపే అది నడుస్తాదని, దాని జోలికి పోవద్దని అల్లుడు అప్పుడే మొత్తుకున్నాడు. అంత చెప్పినా పోయి పోయి వేలు పెట్టల్లా ఈ మనిషి?

చెప్పులు కూడా ఏసుకోకుండా తోటకాడికి పరిగెత్తినాడు. మోటారు ఆగిపోయి ఉండాది. స్టార్టర్ పచ్చమీట నొక్కితే గుర్రుమని, అంతలోనే మళ్లీ ఆగిపోతాంది. ఎండకు చెట్లు ఆకులు ముడుచుకోని నిలబడినాయి. కింద పిందె రాలి పడుండాది. ఇంకొక పొద్దు తడి లేకుంటే ఏడాది కాపంతా మన్నయిపోతాది.

ఇంటికొచ్చి సుధీర్‌కు ఫోన్ చేస్తే కలవలేదు. తుమ్మలపల్లె గనిలో డ్యూటీ. నేల లోపలున్న మనిషికి సిగ్నల్ యాడిది? కూతురు మహిమను కంప్యూటర్ ముందర కూర్చోబెట్టినాడు. ఆ పిల్ల మొదట తన పేరే కొట్టింది. కాదంది. బిడ్డ పేరు, పెండ్లి తేదీ, మొగుని బండి నంబరు, అన్నీ అయినాయి. తన పేరు కానందుకు ఆమె మూతి ముడుచుకునింది. ఏసన్నకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. ప్రభువా, ఈ చెయ్యి ఇరిగిపోనైనా పోలేదే అని తనను తానే తిట్టుకున్నాడు.

సాయంత్రం షిఫ్టు దిగినాక సుధీరే ఫోన్ చేసినాడు.

"తప్పు నాదే నాయనా. లాగౌట్ చేసేసినా. నన్నేమన్నా అను, ముందు ఆ పాస్‌వర్డ్ చెప్పు."



"లాగౌట్ అయితే ఏం కాదు మామా. ఎవరూ లాగిన్ కాకపోయినా నడిచేట్టు మొన్న ఆదివారమే మార్చిపెట్టినా."

"మరి మోటారెందుకు ఆగిపోయింది?"

"ఆ ప్రోగ్రామే ఆపింది. పొద్దున గనిలోకి దిగకముందే నాకు మెసేజ్ వచ్చింది. నీకెట్ల చెప్పల్లో తెలీక ఫోన్ ఆపేసుకున్నా." సుధీర్ గొంతు తగ్గిపోయింది. "బోర్లో నీళ్లు లేవు మామా."