పాప మార్కు సంచి

"నిమ్మకాయ కోసుకోవాలండీ. చాకు ఉంటే ఒకసారి ఇస్తారా?"

శివరామకృష్ణ తలెత్తి చూశాడు. రొయ్యల చెరువులకి మేత, మందులు, ఖనిజాల పొడులు అమ్మే కొట్టు అది. అక్కడికొచ్చి నిమ్మకాయ కోస్తానన్న మనిషిని అతను ఇంతవరకు చూడలేదు.

వచ్చినాయనకి అరవై దాటి ఉంటాయి. చొక్కా బాగా నలిగింది. జేబు నిండా నిమ్మకాయలే.

శివరామకృష్ణ చాకు ఇచ్చాడు.

గుమ్మం పక్కన జియోలైట్ సంచి ఒకటి మూతి విప్పి ఉంది. పెద్దాయన అందులోంచి చిటికెడు పొడి తీసి, తూకం పళ్ళెంలో వేసి, నిమ్మరసం పిండాడు.

పొడి బుసబుసా పొంగింది.

"చూశారా అండీ? మంచి జియోలైట్ ఇలా పొంగదు. ఇందులో సున్నపురాయి పొడి కలిపేశారు. చెరువు అడుగున పుట్టే అమ్మోనియా విషాన్ని పట్టి ఉంచేది జియోలైట్ అండీ, సున్నపురాయి వల్ల కాదు. దయచేసి ఇది అమ్మకండి."

శివరామకృష్ణకి ఒళ్ళు మండింది.

ఆ సంచి పాప మార్కుది. పాప మార్కు అంటే ఆ చుట్టుపక్కల తెలియని రైతు లేడు. సంచి మీద రెండు జడల పాప నవ్వుతూ ఉంటుంది. చెరువులో చల్లేముందు ఆ పాపకి దణ్ణం పెట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు. కొట్టు తెరిచిన రోజు నుంచీ అతను అమ్ముతున్న సరుకు అది.

"ఏ కంపెనీ వాళ్ళు పంపించారండీ మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదండి. ఇక్కడున్న సంచులన్నీ నాకు ఇచ్చేయండి. మీరు చెప్పిన ధరకే కొంటాను."

అంతే, శివరామకృష్ణకి అంతా అర్థమైపోయింది. అర్థమైందనే అనుకున్నాడు.

పనికిరాదన్న సరుకుని ఎవడైనా మొత్తం కొంటాడా? కొంటే, బజారులో దొరక్కుండా చేసి రేపు రెట్టింపుకి అమ్ముకోడానికే కొంటాడు. వ్యాపారంలోనే పుట్టి వ్యాపారంలోనే పెరిగిన అతని బుర్రకి ఇంకో కారణం తట్టలేదు.

"నీలాంటి బేరగాళ్ళని బోలెడుమందిని చూశానయ్యా. దిగు, మెట్లు దిగు!"

పాప మార్కు సంచులు ఆటోలోకి ఎక్కిస్తున్న త్రిమూర్తులు ఆగాడు. సముద్రం మీద వేట మానేసి, పడవ అమ్ముకుని, చెరువు కౌలుకి తీసుకున్నాడతను. ఇదే మొదటి పంట.

"శెట్టిగారూ, ఆ పొంగడం ఏంటండీ?"

"పులుపు పోస్తే పొంగదేంటి? నీకు చెడ్డ సరుకు ఇస్తానా త్రిమూర్తులూ?"

"అబ్బే, ఎంతమాటండీ. మీ మాట నమ్మే కదండీ చెరువులోకి దిగాను."

పెద్దాయన త్రిమూర్తులు చెయ్యి పట్టుకున్నాడు.

"చల్లకు బాబూ. ముసురు పట్టిందంటే రొయ్య తట్టుకోలేదు."

త్రిమూర్తులు మొహమాటంగా నవ్వి చెయ్యి విడిపించుకున్నాడు.

మెట్లు దిగబోతూ పెద్దాయన ఆగి, సంచి మీద పాప మొహానికి అంటిన పొడిని తువ్వాలుతో తుడిచి వెళ్ళిపోయాడు.

"పిచ్చి కూడా ఉన్నట్టుంది," అని నవ్వాడు శివరామకృష్ణ. కొట్లో వాళ్ళందరూ నవ్వారు.

తర్వాత ముసురు పట్టింది. అది వెలిసేలోపే త్రిమూర్తులు చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి.

అతను కొట్టుకి వచ్చాడు. కేకలు వేస్తాడనుకుంటే, మెట్టు మీద కూర్చున్నాడు.

"మీరు చెప్పినట్టే చల్లానండి శెట్టిగారూ. నేను ఎక్కడ తప్పు చేశానంటారు?"

శివరామకృష్ణ లేచాడు. లోపలికి వెళ్ళి నిమ్మకాయ కోశాడు. కొట్లో ఉన్న జియోలైట్ రకాలన్నిట్లోంచీ చిటికెడు చిటికెడు తీసి రసం పిండాడు. అన్నీ చల్లగా తడిసి ఊరుకున్నాయి. పాప మార్కు ఒక్కటే పొంగింది.

బయటికొచ్చి, తల దించుకుని నిజం చెప్పాడు.



"ఆ పెద్దాయన చెప్పాడు కదండీ," అన్నాడు త్రిమూర్తులు. లేచి వెళ్ళిపోయాడు.

ఆ మాట శివరామకృష్ణని అన్నం తిననివ్వలేదు. సంచులన్నీ లోపల పెట్టించి, పెద్దాయన కోసం బస్టాండులో, టీ కొట్లలో అడిగాడు. ఎవరినడిగినా తెలియదన్నారు. కనబడితే కాళ్ళు పట్టుకోవాలనుకున్నాడు.

కొన్నాళ్ళకి కొట్టు ముందు వ్యాను ఆగింది. అందులోంచి ముప్పై ఏళ్ళావిడ దిగింది.

"పాప మార్కు జియోలైట్ ఏమైనా మిగిలిందాండీ? అంతా నేను తీసుకుంటాను."

శివరామకృష్ణ గబగబా మెట్లు దిగాడు.

"అమ్మా, ఇలాగే ఒక పెద్దాయన వచ్చారు. జేబులో నిమ్మకాయలు..."

"మా నాన్నగారండి."

"ఎక్కడున్నారమ్మా? నేను ఆయన్ని చాలా మాటలు అన్నాను."

"పోయారండి. ఇలా ఊరూరూ తిరుగుతూ భీమవరంలో బస్సు ఎక్కబోయి పడిపోయారు. ఆయన వెళ్ళలేకపోయిన ఊళ్ళకి ఇప్పుడు నేను వెళ్తున్నాను."

శివరామకృష్ణ తనే వంగి, లోపలి నుంచి ఒక సంచి మోసుకొచ్చి ఆమె ముందు దించాడు.

"ఎవడో చేసిన కల్తీకి ఆయనెందుకమ్మా అంత తిరిగారు?"

ఆమె వంగి, సంచి మీద రెండు జడల పాప మొహానికి అంటిన పొడిని కొంగుతో తుడిచింది. అచ్చం ఆయన తుడిచినట్టే.

"పొడి కలిపింది మా బాబాయండి. తమ్ముణ్ణి పట్టివ్వడానికీ, ఎవరికైనా చెప్పుకోడానికీ నాన్నకి నోరు రాలేదు. ఈ పొడి ఆడే మిల్లు నాన్నదేనండి. ఈ పాపని నేనే."