కిటికీలో పొద్దు

"జకార్తాలో అందరూ ఒక్కపొద్దు విడిచి గంటయింది. షుగరు పడిపోయి నీ చేతులు వణుకుతున్నాయి. ఈ ఖర్జూరం తిను," అంది లస్త్రి భర్తతో.

సుకిర్మాన్ విమానం కిటికీ చూపించాడు. "పొద్దు అక్కడే ఉంటే ఎట్లా తినమంటావే? రంజాన్‌లో ఎప్పుడైనా తప్పానా?"

జెడ్డాకు తొమ్మిది గంటల ప్రయాణం. దారి పొడవునా పొద్దు వెంటే పడమటికి పరుగు.

ఆయన కళ్ళు మూతపడ్డాయి. లస్త్రి గబుక్కున కిటికీ మూసి, భుజం పట్టి కుదిపింది.

"లే! పొద్దు గుంకింది."

"నిజంగానా?"

"నేనెప్పుడైనా అబద్ధమాడానా?"

ఆయన ఖర్జూరం తిన్నాడు, నీళ్ళు తాగాడు. వణుకు తగ్గాక చూస్తే, ఆమె ఖర్జూరం ఒళ్ళోనే ఉంది.

"మరి నువ్వు?"

మూసిన కిటికీ అంచున ఎండ సన్నగా మెరుస్తోంది.

ఆయన దాన్ని చూశాడు. చూడనట్టే చెయ్యి చాపాడు.

"ఇంకోటివ్వు."