గాజుతొట్టిలో సముద్రం

“మేడం, మీ బల్ల కింద ప్లగ్ పాయింట్ కాస్త వాడుకోనా? నా ఫ్యాన్‌కి.”

కొత్త టీచర్ అంత వినయంగా అడిగేసరికి పెద్ద మేడం కాదనలేకపోయింది. “కానీయ్,” అంది, పళ్ళ బిగువున.

స్కూల్లో సైన్స్ ప్రదర్శన ఎప్పుడు పెట్టినా షీల్డు పెద్ద మేడందే. కరెంటు స్టవ్ మీద నీళ్ళు కాచి, ఆవిరిని ఐసు పళ్ళెం కింద చినుకులుగా రాల్చే ఆమె ‘వాన యంత్రం’ అంటే పిల్లలు పడిచచ్చేవాళ్ళు. పోయినేడాది ఈ కొత్త టీచర్ వచ్చి, పక్క బల్ల మీద రంగుబల్బులతో గ్రహాలు పెట్టింది. జడ్జీ వచ్చే వేళకు బల్బులన్నీ ఆరిపోయాయి. ఎందుకో పెద్ద మేడంకే తెలుసు.

ఈసారి నేల దాకా గుడ్డ కప్పిన బల్ల, దాని మీద పొడవాటి గాజుతొట్టి. అడుగున చల్లటి నీలం నీళ్ళు, పైన వెచ్చటి ఎర్ర నీళ్ళు. ఫ్యాన్ గాలికి ఎరుపంతా అవతలి చివర పోగుపడింది. పిల్లలంతా అక్కడే మూగారు. వాన యంత్రం దగ్గర ఈగ కూడా లేదు. పెద్ద మేడంకి ఒళ్ళు మండిపోయింది. నిన్నగాక మొన్న వచ్చింది, అప్పుడే ఎంత పోజో!

జడ్జీగా వచ్చిన వాతావరణ శాఖ పెద్దాయన తొట్టి ముందు ఆగాడు.

“సముద్రం మీద గాలులు వెచ్చటి నీళ్ళని ఇలా ఒకవైపుకే నెడతాయి సార్. ఆ నీళ్ళ మీదే మేఘాలు పుడతాయి. అందుకే అటు మంచి వానలు,” అంది కొత్త టీచర్.

“మరి కొన్నేళ్ళు అక్కడ వానలు మొహం చాటేస్తాయేం?”

కొత్త టీచర్ నీళ్ళు నమిలింది. ఇదే అదను. పెద్ద మేడం కాలి బొటనవేలితో ఫ్యాన్ స్విచ్చి ఆపేసింది.

ఎర్ర నీళ్ళు మెల్లగా వెనక్కి జారి, ఇవతలి చివరకు వచ్చేశాయి.

“అయ్యో, గాలి ఆగిపోయింది సార్!”

“అదేనమ్మా జవాబు!” పెద్దాయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. “గాలి నీరసిస్తే వెచ్చటి నీళ్ళు ఇటొచ్చేస్తాయి, వాటి వెనకాలే వానలూనూ! నువ్వే స్విచ్చి ఆపుంటే ఇంత రక్తి కట్టేది కాదు.”

షీల్డు కొత్త టీచర్ చేతికి వెళ్ళింది. పెద్ద మేడం మొహాన నెత్తురుచుక్క లేదు.

“అదృష్టవంతురాలివి. సమయానికి కరెంటు పోయింది.”

“కరెంటు పోతే మీ నీళ్ళెలా కాగుతున్నాయి మేడం?” కొత్త టీచర్ నవ్వుతూ తన బల్ల మీది గుడ్డ పైకెత్తింది.

ఆ బల్ల కిందా ఒక ప్లగ్ పాయింట్ ఉంది, ఖాళీగా.